మోటారు బండి ముందు చక్రముల పొందిక – దాని పోషణ

బండి కొనదలచిన గృహస్థుడు రంగు చూచును, ఇంజను శబ్దము వినును, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు నడచునని అడుగును. ముందు చక్రములు బండికి ఏ విధముగా తగిలింపబడి యున్నవో వంగి చూచువారు అరుదు. అయినను, డ్రైవరు స్టీరింగు త్రిప్పగనే బండి తిరుగుటయు, బ్రేకు త్రొక్కగనే ఆగుటయు, గుంతలో పడినప్పుడు లోపలనున్న పిల్లల తలలు కప్పునకు తగులకుండుటయు ఆ కానరాని పొందికపైననే ఆధారపడి యున్నవి. మన పాఠశాలకు వచ్చు పిల్లలలో పలువురు వ్యానులలో వచ్చుచున్నారు. కొందరి తండ్రులు అట్టి వ్యానులను నడుపువారే; మరికొందరు బొగ్గుగనులలో పెద్ద బండ్లను త్రోలువారు. అందుచే ఈ సంచికలో పెద్దల కొరకు ఒక పాఠము వ్రాయ సంకల్పించితిమి. మేము మెకానిక్కులము కాము, భౌతికశాస్త్రము బోధించువారము. యంత్రము నెట్లు విప్పవలెనో చెప్పుట మా పని కాదు. అది యెందుకట్లు చేయబడినదో, చెడినప్పుడు ఎట్లు తెలియునో, ఇంటివారు అడుగదగిన దేమో చెప్పెదము.

దీనిని సస్పెన్షన్ అందురు. వ్రేలాడదీయుట అని ఆ మాటకు అర్థము. చక్రములపై కూర్చున్న బండిని వ్రేలాడుచున్నదనుట వింతగా తోచవచ్చును. కాని పూర్వము ఐరోపాలో గుర్రపు బండ్ల పెట్టెను దృఢమైన తోలు పట్టెలతో చట్రమునకు ఉయ్యాలవలె వ్రేలాడదీసెడివారు. తోలు పోయి ఉక్కు వచ్చెను. పేరు మాత్రము నిలిచిపోయెను.

ఈ పొందిక ప్రయాణికుల సుఖము కొరకే యున్నదని చాలమంది తలంపు. అది సగము మాట. దీని మొదటి పని టైరును నేలకు అంటిపెట్టి యుంచుట. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక సెకనులో సుమారు 11 మీటర్లు పోవును. అరమీటరు పొడవుగల గుంతను దాటుటకు దానికి సెకనులో ఇరువదవ వంతు కూడ పట్టదు. కన్ను మూసి తెరచులోపల అయిపోవును. ఆ లిప్తకాలములో చక్రము క్రిందికి దిగి, గుంత అడుగును తాకి, మరల పైకి రావలెను. బండి మాత్రము తన యెత్తుననే పోవలెను. చక్రము గాలిలో నున్నంతసేపు బ్రేకు పట్టినను లాభము లేదు, స్టీరింగు త్రిప్పినను లాభము లేదు. రోడ్డును పట్టుకొనునది టైరు అడుగున అరచేయి యంత భాగమే. ఆ అరచేయి నేలను విడువకుండ చూచుటకే ఇంత ఉక్కు, ఇంత రబ్బరు, ఇంత నూనె అమర్చిరి.

ఇందు మూడు విధములైన వస్తువులు గలవు. మొదటిది స్ప్రింగు. 1678లో రాబర్టు హుక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ప్రకటించిన నియమము మన పదవ తరగతి విద్యార్థులకు తెలిసినదే: స్ప్రింగుపై ఎంత బరువు వేసిన అది అంత సాగును లేక అణగును, బరువు రెట్టించిన అణకువయు రెట్టించును. కాని స్ప్రింగునకు ఒక దుర్గుణము కలదు. తనలో దాచుకొన్న శక్తిని అది తనయొద్ద నుంచుకొనదు, వెంటనే తిరిగి ఇచ్చివేయును. ఒక్క గుంతలో పడిన బండి స్ప్రింగు మాత్రమే యుండిన పక్షమున ఊయలవలె పదిసార్లు ఎగిరెగిరి పడును. ఈ యెగురుటను అణచుటకు రెండవ వస్తువు కావలెను. దానిని షాక్ అబ్జార్బరు అందురు. చంద్రపురపు గ్యారేజీలలో షాకప్ అన్న చాలును. హోళీనాడు పిల్లలు రంగునీరు చిమ్ము పిచికారిని తలచుకొనుడు. మెల్లగా నొక్కిన సులభముగా జారును. వేగముగా నొక్కిన ఎదురు తిరుగును. షాకప్ లోపల నూనె నిండిన గొట్టమును, అందు చిన్న రంధ్రములుగల ముషలకమును ఉండును. చక్రము ఎగిరినప్పుడెల్ల ఆ నూనె సన్నని రంధ్రముల గుండ దూరి పోవలెను. ఆ ఒరపిడిచే ఎగురుటయందలి శక్తి వేడిమిగా మారి గాలిలో కలసిపోవును. చెడు రోడ్డుపై చాలదూరము నడచిన బండి షాకప్‌ను తాకి చూచిన వెచ్చగా నుండుటకు కారణ మిదియే.

మూడవది, చేతులు, కీళ్లు. చక్రము పైకి క్రిందికి పోవచ్చును గాని ముందుకు వెనుకకు, ప్రక్కలకు పోరాదు. పైగా ముందు చక్రము పైకి క్రిందికి ఆడుచునే కుడియెడమలకు తిరుగవలెను. అందుచే దానిని పట్టుకొన్న ఇనుప చేయికి ఒక చివర రబ్బరు బుష్‌లును, రెండవ చివర గోళపు కీలును ఉండును. గోళపు కీలు, అనగా బాల్ జాయింటు, మన భుజమునందలి కీలువంటిదే. గిన్నెలో గుండు, చుట్టును గ్రీజు, దుమ్ము చొరకుండ పైన రబ్బరు తొడుగు. బండి వెల లక్షలలో నుండగా దీని వెల వందలలో నుండును. వ్యానులోని పిల్లల ప్రాణము దీనిపై నున్నది.

మన ప్రాంతమువారు చూచిన బండ్లలోనే ఈ పొందిక మారిన క్రమము తెలియును. జీపులకు, లారీలకు ముందు ఇరుసు ఏకఖండమైన ఉక్కు దూలము. దానిక్రింద గాని పైన గాని కమాను పట్టీల కట్టలు. బలమైనది, బాగుచేయ సులభమైనది. కాని ఎడమ చక్రము రాతిపై కెక్కిన కుడి చక్రము కూడ ఒరుగును. ఒకరి దుఃఖము ఇంకొకరికి సంక్రమించును. ఈ చిక్కును తొలగించుటకై రెండు చక్రములకు వేరువేరు చేతులు అమర్చిరి. 1957 మొదలు 2014 వరకు కలకత్తా సమీపమునందలి ఉత్తరపారాలో తయారైన అంబాసిడరు కారునందు స్ప్రింగు చుట్టగా నుండదు; బండి పొడవునకు పరచిన తిన్నని ఉక్కు కడ్డీ యుండును. తడిబట్టను పిండునట్లు చక్రము ఆ కడ్డీని మెలిపెట్టును. కడ్డీ తిరిగి తిన్ననగుటకు చేయు ప్రయత్నమే బండిని మోయును. బొంబాయి కుర్లాలో తయారైన ప్రీమియర్ పద్మినియందు పైనొకటి, క్రిందనొకటి పంగలకర్ర వంటి చేతులు, వాని నడుమ చుట్ట స్ప్రింగు. ఈ రెండు బండ్లకును కీళ్ల చోట గ్రీజు ఎక్కించుటకు చిన్న మూతులుండెడివి. పాతకాలపు డ్రైవరు ఆదివారము గ్రీజు తుపాకి పట్టుకొని బండిక్రింద దూరుట పూజవంటి నియమముగా నుండెను.

1983లో మారుతి 800 వచ్చుటతో మరియొక పద్ధతి మన వీధులలోనికి వచ్చెను. అమెరికాకు చెందిన ఎర్ల్ మెక్‌ఫర్సన్ అను ఇంజనీరు కల్పించినది గనుక దానికి ఆయన పేరే నిలిచెను. 1950లో ఇంగ్లండున ప్రదర్శింపబడిన ఫోర్డు కాన్సల్ కారు దీనిని ధరించిన తొలి బండ్లలో నొకటి. ఇందు పై చేయి లేదు. స్ప్రింగును షాకప్‌ను కలిపి ఒక స్తంభముగా చేసి, దాని తలను రబ్బరు గిన్నెద్వారా బండి ఒంటికి బిగించిరి. పాదమున క్రింది చేయి యొకటే. స్టీరింగు త్రిప్పినప్పుడు ఆ స్తంభము మొత్తము తిరుగును. భాగములు తగ్గెను, ఖర్చు తగ్గెను, ఇంజనుకు చోటు హెచ్చెను. మన పిల్లలు ఎక్కు ఓమ్నీ, ఈకో వ్యానులలో నున్నది ఇదియే. ఓమ్నీ తయారి 2019లో నిలిచినను పాత బండ్లు ఇంకను అక్కడక్కడ కానవచ్చును. చేతులు రెండున్నచోట ఒకటి మిగిలినందున ఆ ఒక్క క్రింది చేయి, దాని గోళపు కీలు ఎంత ముఖ్యమైనవో వేరుగ చెప్పనక్కరలేదు. ఆ కీలు ఊడెనా, చక్రము బయటికి పరుండును. బండి ఆ మూలన కూలబడును. స్టీరింగు ఎటు త్రిప్పినను బండి తనదారి తాను చూచుకొనును.

పాత బండ్లకున్న గ్రీజు మూతులు కొత్త బండ్లకు సాధారణముగ ఉండవు. గ్రీజును లోపలనే పెట్టి మూసివేసిరి. అందుచే ఈ బండ్లకు పోషణయే అక్కరలేదను భ్రమ వ్యాపించినది. మా యభిప్రాయమున ఇది పెద్ద ప్రమాదము. గ్రీజు తుపాకితో వంగినవాడు కీలును కూడ చూచెడివాడు. ఇప్పుడు వంగువాడే లేడు.

ఇక మన ఊరి సంగతి. చంద్రపురపు వేసవి ఎండ 45 డిగ్రీలు దాటుట మనకు క్రొత్త కాదు. ఆ ఎండకు, ఇంజను వేడిమికి నడుమ రబ్బరు బుష్‌లు, తొడుగులు గట్టిపడి బీటలు వారును. తరువాత వాన వచ్చును. ఘుగ్గుస్ వైపునను, బల్లార్‌పూర్ వైపునను బొగ్గు లారీలు తిరుగు రోడ్లపై వానకు బొగ్గుపొడి బురద యగును. చీలిన తొడుగులోనికి ఆ బురద ఒకసారి చొచ్చెనేని, గోళపు కీలు నందలి గ్రీజు గ్రీజుగా నుండదు, సానరాతి ముద్ద యగును. ప్రతి మలుపునకు గుండు అరుగును. తొడుగు చీలినదని సకాలములో చూచినచో కొద్ది ఖర్చుతో పోవునది, ఒక వానకాలము గడచినచో కీలునే మార్చవలసి వచ్చును.

బరువు సంగతియు చెప్పవలెను. రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున, ఆదిలాబాదు జిల్లాలో నుండెను. మనవారి వియ్యములు నేటికిని ఆసిఫాబాదు, కాగజ్‌నగరు, మంచిర్యాల వైపున హెచ్చు. వైశాఖమున పెండ్లికి బయలుదేరు బండిని చూడుడు: ఏడుగురి కొరకు చేసిన దానిలో పదునలుగురు, పైన సామాను, వెనుక బియ్యపు బస్తాలు. వెనుక చక్రములకు ఆవల వేసిన బరువు తూగుడుబల్లవలె ముందుభాగమును పైకెత్తును. ముందు టైర్లకు నేలపై ఒత్తిడి తగ్గును. స్టీరింగు తేలికగా నున్నదని డ్రైవరు సంతోషించును. అది సంతోషింపదగిన విషయము కాదు. రాత్రి దీపములు చెట్ల కొమ్మలపై పడుటయు ఇందుకు గుర్తే. బస్తాలను వెనుక తలుపు మొదట గాక నడిమి సీటు పాదముల చెంత పెట్టుట మేలు. మనుష్యులను తగ్గించుట ఇంకను మేలు.

చక్రము నిలుచు తీరును గూర్చి కొంచెము చెప్పక తప్పదు. మనము నడచునప్పుడు కాలివ్రేళ్లు లోపలికి గాని బయటికి గాని తిరిగి యున్నచో చెప్పు ఒకవైపు అరుగును గదా. చక్రములకును అంతే. రెండు ముందు చక్రములు ఒకదాని కొకటి ఎంత సమాంతరముగ నుండవలెనో బండి చేసినవారు మిల్లీమీటర్ల లెక్కన నిర్ణయింతురు. అరమీటరుకు మించిన వ్యాసముగల చక్రములు నిర్ణయించిన దానికంటె 3 మిల్లీమీటర్లు ఎక్కువగా లోపలికి తిరిగి యున్నవనుకొనుడు. ప్రతి కిలోమీటరు నడకలో ఆ రెండు టైర్లు కలసి దాదాపు 5 మీటర్లు ప్రక్కకు ఈడ్వబడును. నూరు కిలోమీటర్లకు అది అరకిలోమీటరు. క్రొత్త టైరు కొలది నెలలలో నున్నబడుటకు కారణము టైరు కంపెనీ కాదు, ఈ 3 మిల్లీమీటర్లు. ఇదిగాక చక్రము తల లోపలికి గాని బయటికి గాని ఒరిగియుండు కోణ మొకటి. సైకిలు ముందు ఫోర్కువలె తిరుగు ఇరుసు వెనుకకు వాలియుండు కోణ మింకొకటి. మలుపు తిరిగిన తరువాత స్టీరింగు తనంతట తాను తిన్ననగునది దీనివలననే. ఈ కోణములను యంత్రముతో చూచుటను అలైన్‌మెంటు అందురు. పదివేల కిలోమీటర్ల కొకసారియు, పెద్ద గుంతలో పడి చక్రము దబ్బున తగిలినప్పుడును చూపించుట మంచిది. అయితే అరిగిన బుష్‌లతో అలైన్‌మెంటు చేయించుట కదలుచున్న పీటపై తక్కెడ నిలుపుటవంటిది. కీళ్లు చూచిన తరువాతనే కోణములు చూడవలెను.

పిల్లలను తెచ్చు ఒక వ్యాను గేటువద్ద మలుపు తిరుగునప్పుడు ముందు ఎడమ చక్రమునుండి టకటకమను శబ్దము వచ్చుట మేము రెండు మూడు దినములు వింటిమి. డ్రైవరు మంచివాడు, అనుభవముగలవాడు. అడుగగా నవ్వి, “మాస్టారుగారూ, శబ్దం వస్తే భయం లేదండీ. శబ్దం ఆగిపోతేనే భయం” అనెను. మరునాడు శబ్దము ఆగెను. అతడు చీలిన తొడుగు సందునుండి గ్రీజు కూరెనట! అతని మాట అతనికే గుర్తుచేసి, ఆ సాయంకాలము బండిని ఎత్తించి చూపించితిమి. చక్రమును పైన, క్రింద పట్టుకొని ఊపగా వ్రేలెడంత కాకున్నను కంటికి కానవచ్చునంత ఆడెను. టైరు లోపలి అంచు అరిగి లోని తీగలు తేలియుండెను. బయటినుండి చూచువారికి ఆ టైరు క్రొత్తదానివలెనే తోచును. మరునాడు పిల్లలు వేరొక బండిలో వచ్చిరి. కీలు మార్పించిన పిదపనే ఆ వ్యాను గేటు దాటెను. అతని ఒకదినపు కూలి పోయినమాట నిజమే. అందులకు పిల్లల తండ్రు లెవ్వరును పెదవి విరువలేదు, అది మాకు సంతోషము.

ఆ పరీక్ష ఎవరైనను చేయవచ్చును గాని జాగ్రత్త యవసరము. బండిని సమతలముపై నిలిపి, చేతి బ్రేకు వేసి, వెనుక చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి, జాకీతో ఎత్తి, ఎత్తిన చోట ఉక్కు స్టాండు నిలుపవలెను. ఒంటి జాకీని నమ్మి బండిక్రింద తల పెట్టినవాడు తన భార్యాబిడ్డలను తలచుకొననివాడు. చక్రమును పైన ఒక చేత, క్రింద ఒక చేత పట్టుకొని ఊపవలెను. ఆడినచో, ఇంకొకరిని బ్రేకు త్రొక్కి పట్టుమనవలెను. అప్పుడు ఆట ఆగినచో దోషము చక్రపు బేరింగుది; ఆగనిచో గోళపు కీలుది గాని తత్సంబంధమైన భాగములది గాని. ప్రక్కల పట్టుకొని ఊపగా ఆడినచో స్టీరింగు కడ్డీ చివరి కీళ్లను అనుమానింపవలెను. షాకప్ పరీక్ష ఇంకను సులభము: బండి మూలను బలముగా క్రిందికి నొక్కి విడువుడు. ఒకసారి పైకి లేచి నిలిచిన మంచిది. ఊగుచునే యున్నచో చెడినది. నొక్కినప్పుడు సరిగనే తోచి, లోపల సగము చెడినవియు కలవు గనుక, షాకప్ ఒంటిపై నూనె తడి యున్నదేమో కూడ చూడవలెను. టైరుపై చేయి నిమిరినప్పుడు అక్కడక్కడ పల్లములు తగిలిన అదియు షాకప్ గుర్తే.

రోగమునకు తగిన పేరు తెలిసియుండుట డబ్బు మిగుల్చును. ఒక నిర్ణీత వేగమున మాత్రమే స్టీరింగు వణికిన, అది చక్రముల తూకము సరిచేయించుటతో పోవచ్చును. బండి ఒకవైపునకు లాగిన, ముందుగా ఆ వైపు టైరులో గాలి చూడవలెను. పిదప బ్రేకు పట్టుకొనియున్నదేమో. ఆ పిమ్మటనే అలైన్‌మెంటు. స్పీడు బ్రేకరుపై “దడ్” మనిన బుష్‌లు గాని స్తంభము తల నందలి రబ్బరు గిన్నె గాని కావచ్చును. గాలి సంగతి నెలకొకసారియైనను, ఉదయము బండి నడువకముందు చూడవలెను. ఎంత యుండవలెనో డ్రైవరు తలుపు చట్రముపై అంటించిన కాగితమున నుండును. ఎండకు గాలి వ్యాకోచించునని ముందుగానే తగ్గించి కొట్టించు అలవాటు మన ఊరిలో కలదు. అది తప్పు. తక్కువ గాలిగల టైరు మరింత నలిగి మరింత వేడెక్కును.

బండి కడుగునప్పుడు చక్రముల వెనుక బురద పోవునట్లు నీరు కొట్టుట మంచిదే. కాని కడిగిన తరువాత మెరుపు కొరకు అడుగుభాగమున డీజిలు గాని వాడిన ఇంజను నూనె గాని చిమ్మించు వాడుక కలదు. ఇనుమునకు అది తుప్పు పట్టనీయదు, నిజమే. రబ్బరు బుష్‌లను మాత్రము ఉబ్బించి మెత్తబరచి చెడగొట్టును. అట్టి సేవను వలదనుటయే లాభము.

మరమ్మతునకు ఇచ్చినప్పుడు కొన్ని విషయములు మిస్త్రీని అడుగుటకు మొగమాట పడరాదు. స్ప్రింగులు, షాకప్‌లు ఒకవైపువి మాత్రము మార్చిన బండి ఒకకాలు పొట్టివాని నడక నడచును, జతగా మార్చుమనవలెను. స్తంభముపై నున్న స్ప్రింగు అణచి బిగింపబడినది. దానిని అణచిపట్టు పనిముట్టు లేకుండ పై నట్టు విప్పినచో అది తుపాకి గుండువలె వచ్చి తగులును. సెలవుదినములలో గ్యారేజీలో పని నేర్చుకొను మన పెద్ద తరగతుల పిల్లలకు ఈ మాట ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. ఇంకొకటి, మంచి మిస్త్రీలు కూడ తొందరలో మరచునది: క్రింది చేయి బుష్ బోల్టులను చక్రము గాలిలో వ్రేలాడుచుండగా పూర్తిగా బిగింపరాదు. అట్లు బిగించినచో, బండి నేలకు దిగగనే రబ్బరు మెలిపడి, ఎల్లప్పుడు మెలికలోనే యుండి, అకాలమున చినుగును. బండిని చక్రములపై నిలిపి, బరువు పడిన తరువాతనే కడపటి బిగింపు బిగింపవలెను. పని ముగిసిన పిదప అలైన్‌మెంటు చేయించి, కొన్ని దినములు నడిపి, బండిని మరల ఒకసారి ఎత్తించి, విప్పిన ప్రతి నట్టును చూపించుకొనవలెను.